'ఏమైందమ్మా?' అన్న మాటకూ మార్కులే!

జబ్బు పేరు కరెక్టుగా చెబితే పాసు... ఒకప్పుడు వైద్యవిద్యలో అంతే. ఆ జబ్బున్న మనిషితో ఎలా మాట్లాడాడు, కూర్చోమన్నాడా, చెప్పింది విన్నాడా, సిగ్గుపడే చోట తెర లాగాడా? ఇవేవీ మార్కుల కాగితంలో ఉండేవి కావు. ఇప్పుడు వాటికీ పరీక్షలొచ్చాయి. కానీ మంచితనానికి మార్కులు వేయడం అంత తేలికా?

గంట మోగింది. తెల్లకోటు కుర్రాడు తలుపు తోసుకుని గదిలోకి వచ్చాడు. ఎదురుగా కుర్చీలో ఓ నడివయసావిడ, కొంగు కడుపుకు అదిమిపట్టుకుని కూర్చుంది. మూలన ప్రొఫెసరు, చేతిలో ఓ కాగితం. ఆయన నోరు మెదపడు. కుర్రాడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. తన పేరు చెప్పాడు. చివరి సంవత్సరం చదువుతున్నానన్నాడు. 'ఏమైందమ్మా?' అని అడిగి ఊరుకున్నాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. మూలనున్న ప్రొఫెసరు కాగితం మీద టిక్కు పెట్టాడు. ఒకటి, రెండు, మూడు...

కొద్ది నిమిషాలకే మళ్లీ గంట. కుర్రాడు పక్కగదికి పరుగు. ఆవిడ కొంగు సర్దుకుని గుక్కెడు మంచినీళ్లు తాగింది. కడుపునొప్పి మాయం! ఎందుకంటే ఆవిడకు అసలు నొప్పే లేదు. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏ మాట అడిగితే ఏం చెప్పాలి, ఎలా అడిగితే నోరు విప్పకూడదు... అంతా ముందే నేర్చుకుని వచ్చిన 'ఉత్తుత్తి రోగి'. ఇంకో నిమిషంలో ఇంకో కుర్రాడు వస్తాడు. ఆవిడ మళ్లీ కడుపు పట్టుకోవాలి.

ఓస్కీ అని పిలిచే పరీక్షలో ఒక గది ఇలా ఉంటుంది. ఒక గదిలో గుండె చప్పుడు వినాలి, ఒక గదిలో ఎక్స్‌రే చదవాలి, ఇంకో గదిలో ఇలా మాట్లాడాలి. గంట గంటకీ గది మారాలి. అందరికీ అవే గదులు, అవే ప్రశ్నలు, అవే మార్కులు.

ఎవరూ చూడని అరగంట

దీని విలువ తెలియాలంటే పాత పరీక్ష ఎలా ఉండేదో తెలియాలి. 'లాంగ్ కేస్' అంటే ఎంబీబీఎస్ చదివిన ఎవరికైనా ఇప్పటికీ గుండె దడే. విద్యార్థికి ఒక రోగిని అప్పగిస్తారు. అరగంటో, ముప్పావుగంటో ఇస్తారు. ఆ సమయంలో అతడు రోగి కథంతా అడిగి తెలుసుకుని, ఒళ్లంతా పరీక్షించి, రాసిపెట్టుకోవాలి. తర్వాత ఎగ్జామినర్లు వస్తారు. 'చెప్పు, ఏం కనిపెట్టావు?' అంటారు. ప్లీహం ఎంత పెరిగింది, గుండె చప్పుడులో తేడా ఎక్కడుంది, జబ్బు ఏమై ఉంటుంది, ఎందుకనుకుంటున్నావు... ప్రశ్నల వాన కురుస్తుంది.

ఇందులో ఓ చిత్రం ఉంది. విద్యార్థి రోగితో గడిపిన ఆ అరగంటా పక్కన ఎవరూ ఉండరు. కసిరి అడిగాడో, కాళ్లు పట్టుకుని అడిగాడో చూసేవాళ్లు లేరు. పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. అంటే వైద్యుడి పనిలో సగభాగమైన సంభాషణ పరీక్షకు బయటే ఉండిపోయింది! దేశాలు వేరైనా దశాబ్దాల తరబడి జరిగింది ఇదే.

ఆ అరగంట గురించి మెడికల్ కాలేజీల్లో బోలెడన్ని కథలు. పరీక్షల సీజనులో తరచూ వచ్చే పాత రోగులకు తమ జబ్బు పేరు ఇంగ్లిషులో సహా నోటికొచ్చేస్తుందనీ, మర్యాదగా మాట్లాడిన పిల్లలకు చెవిలో ఊదేస్తారనీ, విసుక్కున్నవాళ్లకు మాత్రం 'నాకేం తెలుసు బాబూ' అంటారనీ సీనియర్లు జూనియర్లకు చెబుతుంటారు. ఒక విధంగా అదీ పరీక్షే. కాకపోతే ఎగ్జామినరు మంచం మీద పడుకుని ఉండేవాడు.

ఇది మన దగ్గరి ముచ్చటే అనుకోనక్కర్లేదు. ఉత్తుత్తి రోగి పుట్టుక వెనకా ఇలాంటి కథే ఉంది.

రోగి తీర్చుకున్న కసి

హొవార్డ్ బారోస్ అమెరికాలో నాడీవైద్యుడు. శిక్షణ రోజుల్లో నిపుణుల పరీక్షలకు రోగులను సిద్ధం చేసే పని ఆయన మీద పడింది. వాళ్లలో శామ్ అనే రోగి ఒకడు. పరీక్ష అయిపోయాక అతడు బారోస్‌తో ఓ రహస్యం చెప్పాడట. తనను పరీక్షించిన డాక్టరు మరీ మొరటుగా ప్రవర్తించాడు. దాంతో ఒళ్లు మండి, ఒక కాలికి ఉన్న లక్షణాన్ని రెండో కాలికి మార్చి చూపించాడు! పాపం, ఆ డాక్టరు జవాబు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

రోగి ఇంత బాగా నటించగలిగితే, రోగం లేనివాళ్లకే నటన నేర్పిస్తే పోలేదా? ఆ ఆలోచన 1963లో లాస్ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కార్యరూపం దాల్చింది. చిత్రకారులకు మోడల్‌గా పనిచేసే ఓ మహిళకు నడుము కింద చచ్చుబడిన రోగిలా ఉండటం నేర్పించారు. విద్యార్థులు వచ్చి పరీక్షించేవారు. వాళ్లు వెళ్లాక, ఎవరు ఏం అడిగారో, ఎలా చూశారో ఆమె రాసిచ్చేది. హాలీవుడ్ ఉన్న ఊరు కదా... వైద్యాన్ని సినిమా చేసేస్తున్నారంటూ వెక్కిరింపులు. బారోస్ మాత్రం వదల్లేదు.

అట్లాంటిక్‌కు ఇవతల స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్‌ది ఇంకో బాధ. లాంగ్ కేసులో ఒకడికి తేలిక రోగి, ఒకడికి కఠిన రోగి, ఒకడికి మెతక ఎగ్జామినరు, ఒకడికి చండశాసనుడు. ఇందులో న్యాయమేముంది? ఆయన 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొత్త పద్ధతి ప్రకటించాడు. గదులు, గంటలు, అందరికీ ఒకే కొలత. అదే ఓస్కీ. బారోస్ రోగులు, హార్డెన్ గదులు కలిశాక మాటకు మార్కులు వేసే వీలు చిక్కింది.

పద్దెనిమిది సెకన్లు!

'మాటదేముందండీ, చేయి మంచిదైతే చాలు' అనేవాళ్లు లేకపోలేదు. కానీ లెక్కలు ఇంకోలా ఉన్నాయి.

అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు రోగులూ డాక్టర్ల మాటలు రికార్డు చేసి విన్నారు. 1984లో వాళ్లు చెప్పిన సంగతి వైద్యలోకాన్ని ఉలిక్కిపడేలా చేసింది. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుతగులుతున్నాడు! మరి అడ్డుపడకపోతే రోగి గంటలకొద్దీ చెబుతాడా? ఆ భయమూ అనవసరమేనని 2002లో స్విట్జర్లండ్‌లోని బాజెల్ వైద్యులు తేల్చారు. 335 మంది రోగులను తమంతట తాము ఆపేవరకూ మాట్లాడనిచ్చి, రహస్యంగా గడియారం చూశారు. సగటున ఒకటిన్నర నిమిషం. అంతే!

కెనడాలో డాక్టరు కావాలంటే 2021లో ఎత్తేసేదాకా ఓస్కీ లాంటి జాతీయ పరీక్ష ఒకటి గట్టెక్కాల్సి వచ్చేది. అందులో సంభాషణకూ మార్కులుండేవి. 1993 - 96 మధ్య ఆ పరీక్ష రాసిన 3,424 మంది తర్వాతి కాలంలో ఎలా ఉన్నారో పరిశోధకులు వెతికారు. సంభాషణలో తక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్ల మీద ఏళ్లు గడిచాక రోగుల ఫిర్యాదులు ఎక్కువగా ఉన్నాయని 2007లో ప్రకటించారు. పరీక్ష గదిలో ఎనిమిది పది నిమిషాల మాట తీరు, పదేళ్ల తర్వాతి ఫిర్యాదును ముందే పట్టిచ్చిందన్నమాట.

మాట ఒక ఎత్తు, నడవడి ఇంకో ఎత్తు. కాలేజీలో చెప్పిన పని చెయ్యకపోవడం, బాధ్యత తప్పించుకోవడం, తప్పు చూపిస్తే ఒప్పుకోకపోవడం... 'కుర్రతనం, అదే పోతుంది' అని వదిలేసే విషయాలే కదా! అమెరికాలో మ్యాక్సిన్ పాపడాకిస్ బృందం అలా వదల్లేదు. మెడికల్ బోర్డులు శిక్షించిన 235 మంది డాక్టర్ల పాత కాలేజీ రికార్డులు తీసి, ఏ శిక్షా పడని 469 మంది రికార్డులతో పోల్చింది. శిక్షపడినవాళ్ల కాలేజీ ఫైళ్లలో నడవడి బాగాలేదన్న రాతలు కనిపించే అవకాశం మూడు రెట్లు ఎక్కువ. అన్నిటికన్నా గట్టిగా పట్టిచ్చినవి బాధ్యతారాహిత్యం, చెప్పినా దిద్దుకోకపోవడం. 2005లో ఈ ఫలితాలు వచ్చాక, ప్రవర్తన గురించి రాసిపెట్టడం పంతుళ్ల చాదస్తం అనడం కష్టమైంది.

ఇంకొకరి గురించి చెప్పుకోకపోతే ఈ కథ పూర్తికాదు. కేట్ గ్రేంజర్ ఇంగ్లండులో వృద్ధులకు వైద్యం చేసే యువ డాక్టరు. ఆమెకే క్యాన్సర్ వచ్చింది. 2013లో ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉండగా ఒక సంగతి గమనించింది. వచ్చిపోయే సిబ్బందిలో చాలామంది తమ పేరే చెప్పడం లేదు! 'హలో, నా పేరు...' అన్న చిన్న మాటతో ఉద్యమం మొదలుపెట్టింది. 2016లో ఆమె కన్నుమూసేనాటికి బ్రిటన్‌లో లక్షలాది ఆసుపత్రి సిబ్బంది ఆ మాటకు కట్టుబడ్డారు. పైన చెప్పిన గదిలో కుర్రాడు తన పేరు చెప్పగానే ప్రొఫెసరు టిక్కు పెట్టింది ఊరికే కాదు.

మన పుస్తకంలోకి వచ్చిందిలా

2004లో 'శంకర్‌దాదా ఎంబీబీఎస్' చూసి నవ్వుకున్నవాళ్లు ఆ సినిమా అడిగిన ప్రశ్నను మర్చిపోయి ఉండరు. రోగికి ప్రేమగా ఓ మాట చెప్పడం వైద్యం కాదా అని. అప్పటికి మన ఎంబీబీఎస్ సిలబస్‌లో దానికి తగిన చోటు లేదు. రోగితో మాట్లాడటం ఎవరూ నేర్పరు, పెద్ద డాక్టర్లను చూసి నేర్చుకోవాలి. పెద్దాయన మంచి మనిషైతే అదృష్టం. కాకపోతే అదీ వారసత్వంగా వచ్చేస్తుంది.

2018లో భారత వైద్యమండలి 'ఏట్‌కామ్' పేరుతో ఒక పుస్తకం తెచ్చింది. వైఖరి, నైతికత, సంభాషణ... ఈ మూడింటికీ ఇంగ్లిషు పొడి అక్షరాలు కలిపితే వచ్చిన పేరు అది. 2019లో చేరిన బ్యాచ్‌ నుంచి అందరికీ తప్పనిసరి. మండలి స్థానంలో 2020లో జాతీయ వైద్య కమిషన్ వచ్చినా ఈ పాఠాలు కొనసాగాయి. ఎంబీబీఎస్ మొత్తానికి కలిపి 27 పాఠాలు. డాక్టరుగా ఉండటమంటే ఏమిటి, రోగిగా ఉండటమంటే ఏమిటి అని మొదలవుతాయి. మొదటి ఏడాదిలోనే 'శవమే మన తొలి గురువు' అని ఒక పాఠం. తమ శరీరాన్ని చదువుకు ఇచ్చి వెళ్లిన మనిషి పట్ల గౌరవంతో మొదలయ్యే పాఠం అది. బతికున్న రోగి దగ్గరికి వెళ్లేముందు ఇంతకన్నా మంచి మొదలు ఉండదేమో!

విద్యార్థి ఏం చేశాడో లాగ్‌బుక్‌లో రాయాలి, ఉపాధ్యాయుడు సంతకం పెట్టాలి. కోర్సు మొదట్లో స్థానిక భాష నేర్పడానికీ సమయం కేటాయించారు. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, అసలు కష్టమంతా అక్కడే ఉంది.

పోటు వేరు... సలుపు వేరు

ఇంగ్లిషు పుస్తకంలో 'పెయిన్' ఒక్కటే మాట. దానికి ముందు విశేషణాలు తగిలిస్తారు. మన పల్లె రోగికి ఆ అవసరమే లేదు. పన్ను పోటు పెడుతుంది. గడ్డ సలుపుతుంది. ఒళ్లు తీపులు తీస్తుంది. కాళ్లు గుంజుతాయి. గుండె పట్టేస్తుంది. కడుపులో దేవుతుంది. పాదాలు సూదులతో పొడిచినట్టుంటాయి. సగం రోగనిర్ధారణ ఆ మాటలోనే ఉంటుంది. చిన్నప్పట్నుంచీ ఇంగ్లిషు మీడియంలో చదివి, కోచింగ్ సెంటర్లో ర్యాంకు కొట్టి వచ్చిన పిల్లలకు పోటుకూ సలుపుకూ తేడా ఎవరు చెప్పాలి? తెలుగింటి పిల్లల పరిస్థితే ఇదైతే, అఖిలభారత కోటాలో వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ల సంగతి చెప్పేదేముంది?

'వేడి చేసింది డాక్టరుగారూ' అంటుంది ఒకావిడ. ఆ మాటకు పుస్తకంలో సమానమైన పదం లేదు. నోరు పూసిందా, మూత్రంలో మంటా, కళ్లు మండుతున్నాయా? ఓపిగ్గా అడిగితేనే బయటపడుతుంది. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన పెద్దాయన 'దమ్మొస్తుంది' అంటే ఆయాసమని తెలియాలి. 'పానం మంచిగ లేదు' అంటే ప్రాణం పోతోందని కంగారుపడకూడదు. నెల తప్పింది, తెల్లబట్ట అవుతోంది లాంటి మాటలు గొంతు తగ్గించి చెబుతారు. పక్కన పదిమంది నిలబడి ఉంటే అవీ చెప్పరు. తెర లాగడానికి మార్కు ఉండాలనేది అందుకే.

ఇంకో చిక్కు... నువ్వా, మీరా? ఇంగ్లిషు మార్కుల కాగితంలో ఈ గొడవే లేదు, అందరికీ 'యూ' చాలు. మన దగ్గర అలా కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఆయన్ని 'మీరు కూర్చోండి' అనీ, మాసిన పంచె కట్టుకున్న ఆయన్ని 'ఏయ్, ఇటు రా' అనీ పిలవడం ఎన్ని ఓపీల్లో వినిపించదు! రెండో మనిషి మొదటివాడి కన్నా ఇరవయ్యేళ్లు పెద్దవాడై ఉంటాడు. అలాగని 'నువ్వు' అన్న ప్రతిచోటా అమర్యాద ఉందనుకుంటే పొరపాటే. 'అవ్వా, ఎట్లున్నవు? నిద్ర పడ్తుందా?' అని అడిగే కుర్రాడి మీద ఆ అవ్వకు మనవడి మీదున్నంత ప్రేమ పుట్టొచ్చు. తెచ్చిపెట్టుకున్న 'మీరు' ఆమెకు దూరంగా అనిపించొచ్చు. ఏది చనువో ఏది చులకనో కాగితం చెప్పలేదు. మూలన కూర్చున్న మనిషికి ఆ యాస, ఆ ఊరి మర్యాద తెలిసి ఉండాలి. విదేశీ కాగితాన్ని తెలుగులోకి దించేస్తే సరిపోదనేది అందుకే.

చెడ్డవార్త చెప్పడమైతే మరీ కష్టం. అమెరికా క్యాన్సర్ వైద్యులు 2000లో దీనికి ఆరు మెట్ల పద్ధతి ఒకటి ప్రచురించారు. ప్రపంచమంతా దాన్నే నేర్పుతోంది. ఏకాంతంగా కూర్చోబెట్టాలి, అతనికేం తెలుసో అడగాలి, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నాడో అడగాలి, అప్పుడు చెప్పాలి, అతని దుఃఖానికి చోటివ్వాలి, తర్వాతేం చేద్దామో మాట్లాడాలి. బాగానే ఉంది. మన దగ్గర ఏమవుతుంది? రిపోర్టు రాకముందే కొడుకు గుమ్మంలో ఆపి 'నాన్నకు మాత్రం చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేడు' అంటాడు. లోపల తండ్రి 'మావాడికి చెప్పకండి, చిన్నవాడు, బెంగపెట్టుకుంటాడు' అంటాడు. ఇద్దరి మధ్యా ఇరవై రెండేళ్ల విద్యార్థి!

ఇక్కడ ఎవరికి చెబితే మార్కు? రోగికి తెలుసుకునే హక్కు ఉంది. సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు 2008లో సమ్మతి రోగిదేనని, అదీ తగిన వివరాలు తెలిసి ఇచ్చినదై ఉండాలని చెప్పింది. అలాగని కుటుంబాన్ని పక్కకు నెట్టేసే డాక్టరు మన ఊళ్లో వైద్యం చేయలేడు. ఆ ఆరు మెట్లలో మూడోది మనకు బాగా పనికొస్తుంది. 'మీ జబ్బు గురించి మీకే చెప్పమంటారా, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడమంటారా?' అని రోగినే అడగడం. కొందరు నాకే చెప్పండంటారు. కొందరు పెద్దకొడుకు వైపు చూస్తారు. ఆ చూపును పట్టుకోగలిగిన విద్యార్థికి మార్కు వేయాలి. చెప్పాడా లేదా అన్న గడిలో టిక్కుకు కాదు.

నటనకూ మార్కులా?

టిక్కుల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పుకోవాలి. పరీక్ష అంటే దానికో గైడు పుడుతుంది, గైడుంటే బట్టీ ఉంటుంది. 'మీ బాధ నాకు అర్థమైంది' అన్న మాటకు మార్కుందని తెలిస్తే, రోగి కాలు విరిగిందన్నా అదే మాట, కన్ను కనిపించడం లేదన్నా అదే మాట!

కెనడాలోని టొరంటోలో 1999లో దీని మీద ఓ తమాషా అధ్యయనం వచ్చింది. విద్యార్థులనూ, శిక్షణలో ఉన్నవాళ్లనూ, ఏళ్ల అనుభవమున్న డాక్టర్లనూ ఒకే ఓస్కీకి కూర్చోబెట్టారు. టిక్కుల లెక్కలో అనుభవజ్ఞులే వెనకబడ్డారు! వాళ్లు అన్ని ప్రశ్నలూ అడగరు, అవసరమైనవి అడిగి విషయం పట్టేస్తారు. అందుకే చాలాచోట్ల టిక్కులతోపాటు 'మొత్తమ్మీద ఎలా ఉన్నాడు' అని ఎగ్జామినరు అంచనా కూడా అడుగుతున్నారు. ఉత్తుత్తి రోగి చేతా మార్కులు వేయిస్తున్నారు.

అమెరికా వెళ్లాలనుకున్న తెలుగు డాక్టర్లకు ఈ గదుల అనుభవం చాలానే ఉంది. 1998లో విదేశీ పట్టభద్రులకు మొదలైన ఇలాంటి పరీక్ష, 2004 నుంచి అమెరికా పిల్లలకూ తప్పనిసరైంది. పన్నెండు మంది ఉత్తుత్తి రోగులు, ఒక్కొక్కరికి పావుగంట. విమానం టిక్కెట్టు, వీసా, చివరికొచ్చేసరికి వెయ్యి డాలర్లు దాటిన ఫీజు. తలుపు తట్టడం దగ్గర్నుంచి చేతులు కడుక్కోవడం దాకా స్నేహితుణ్ని మంచం మీద పడుకోబెట్టి రిహార్సల్స్ వేసుకున్నవాళ్లు ఎందరో. కొవిడ్‌తో 2020లో ఆగిన ఆ పరీక్షను 2021 జనవరిలో పూర్తిగా ఎత్తేశారు. అమెరికా విద్యార్థుల్లో నూటికి తొంభై మందికిపైగా పాసయ్యే పరీక్షకు అంత ఖర్చు దేనికన్న విమర్శ అప్పటికే ఉంది. బ్రిటన్ మాత్రం వదల్లేదు. అక్కడ పనిచేయాలనుకునే మన డాక్టర్లు మాంచెస్టర్ వెళ్లి, గదికి 8 నిమిషాల చొప్పున మాట్లాడి చూపించాలి.

మంచం పక్కన నిలబడేదెవరు?

అసలు రోగి దగ్గర, అసలు వార్డులో విద్యార్థిని గమనించడం అన్నిటికన్నా మేలు. దానికీ ఒక పద్ధతి ఉంది. అమెరికాలో జాన్ నార్సిని బృందం 1995లో వివరించింది. ఉపాధ్యాయుడు పావుగంట, ఇరవై నిమిషాలు పక్కన నిలబడి విద్యార్థిని చూస్తాడు. ప్రశ్నలు అడిగిన తీరు, పరీక్షించిన తీరు, మానవత్వం, సలహా చెప్పిన విధానం... ఒక్కోదానికి తొమ్మిదికి ఇన్ని అని మార్కు. తర్వాత అప్పటికప్పుడే 'ఇది బాగా చేశావు, ఇది మార్చుకో' అని చెబుతాడు. ఒక్కసారి కాదు, ఏడాదిలో చాలాసార్లు, వేర్వేరు ఉపాధ్యాయులు. పదిసార్లు, పదిమంది ముందు నటించడం ఎవరికైనా కష్టమే కదా!

ఇరవై నిమిషాలే. కానీ ఆ ఇరవై నిమిషాలు ఎక్కణ్నుంచి వస్తాయి? అరవై ఏడు దేశాల లెక్కలతో 2017లో వచ్చిన అధ్యయనంలో, స్వీడన్ డాక్టరు ఒక రోగికి ఇరవై రెండు నిమిషాలకు పైగా ఇస్తుంటే, మన దేశంలో ఆ సమయం సుమారు రెండు నిమిషాలు. ఓపీ ముందు వరండా దాటిపోయిన క్యూ. తరగతిలో నూటయాభై, కొన్ని కాలేజీల్లో రెండొందల యాభై మంది పిల్లలు. లాగ్‌బుక్‌లో సంతకాలు ఒకేరోజు, ఒకే పెన్నుతో పడ్డాయంటే తప్పు పూర్తిగా ఆ ప్రొఫెసరుదే అనలేం.

మరో గురువు ఉంటాడు, ఏ పుస్తకంలోనూ లేనివాడు. రౌండ్లలో 'పద్నాలుగో బెడ్ లివర్ ఎలా ఉంది?' అని అడిగే సీనియర్. మంచం మీది మనిషికి ఇరవై ఏళ్లుగా ఉన్న పేరు వార్డులోకి రాగానే లివరైపోతుంది. పొద్దున తరగతిలో విన్న 27 పాఠాలనూ మధ్యాహ్నం ఈ ఒక్క వాక్యం చెరిపేస్తుంది. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో విద్యార్థుల సహానుభూతిని ఏటా కొలిస్తే, మూడో ఏడాదిలో బాగా పడిపోయిందని 2009లో తేలింది. అంటే సరిగ్గా వార్డుల్లోకి అడుగుపెట్టే ఏడాది! విద్యార్థికి మార్కులు వేసే చేతికి మార్కులు ఎవరు వేస్తారన్నది ఏ సిలబస్సూ అడగని ప్రశ్న.

రోగినే అడగొచ్చు కదా అంటారా? కొన్ని దేశాల్లో నర్సులను, తోటి సిబ్బందిని, రోగులను అందరినీ అడిగి మార్కులు వేస్తున్నారు. మన ప్రభుత్వాసుపత్రిలో ఆ కాగితం పట్టుకుని వెళ్తే 'ఎందుకు బాబూ, అందరూ మంచోళ్లే' అనే జవాబే ఎక్కువసార్లు వస్తుంది. రేపు మళ్లీ వాళ్ల చేతుల్లోనే పడాలి మరి. ఆ భయం పోకుండా రోగి మార్కులకు అర్థం లేదు.

అప్పటిదాకా మిగిలింది ఒకే దారి. మూలన ఎవరో ఒకరు కూర్చోవడం. చూడటం. 'అర్థమైందా?' అని విద్యార్థి అడిగితే రోగి ఆఁ అని తలూపడం, ఆ తలూపుడును నమ్మి అతడు లేచిపోవడం... ఇది చూసిన ఉపాధ్యాయుడు తర్వాత 'అలా కాదు, ఇంటికెళ్లాక ఈ మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకుంటావో నాకోసారి చెప్పమ్మా అని అడుగు' అంటే, దానికి పట్టేది అరనిమిషం. పొద్దున అన్నం తినని మనిషికి 'అన్నం తిన్నాక' అని రాసిన మాత్ర మధ్యాహ్నానికి వాయిదా పడుతుందని ఆ అరనిమిషంలోనే బయటపడుతుంది.

ఇక మొదట్లో చూసిన ఆ గది. సాయంత్రం అయిదవుతోంది. చివరి కుర్రాడూ వెళ్లిపోయాడు. పొద్దుట్నుంచీ ఎన్నోసార్లు కడుపు పట్టుకున్న ఆవిడ ముందు ఇప్పుడో కాగితాల కట్ట. ఒక్కో విద్యార్థి నంబరు కింద ఒకటే ప్రశ్న. నిజంగా జబ్బు చేస్తే ఈ డాక్టరు దగ్గరికి వెళ్తారా? కొన్నిటికి చకచకా రాసేసింది. ఒక నంబరు దగ్గర మాత్రం పెన్ను ఆగింది. అన్నీ సరిగ్గానే అడిగిన అమ్మాయి. పేరు చెప్పింది, తెర లాగింది, బాధ అర్థమైందంది. ఆవిడ కాసేపు కళ్లు మూసుకుని గుర్తుచేసుకుంది. తర్వాత 'వెళ్తాను' అని రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది.